సొంత పార్టీ అంతా గెలిచిన రోజున గవర్నర్ ఒక్కరే ఓడిపోవడం ఎలా సాధ్యమైంది? (కెంటకీ, 2019)

బైరాగిపట్టెడ లెక్కల మాస్టారు, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. నేను గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని, రాజకీయ శాస్త్రం నా విషయం కాదు. అందువల్ల నా సందేహం కూడా ఒక లెక్క దగ్గరే మొదలైంది. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఉంటారు. మేము వారి దగ్గర కొన్ని నెలలు గడిపినప్పుడు, నాలాగే బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పొరుగింటి పెద్దమనిషి ఒకరు, 2019లో తమ గవర్నర్ ఓడిపోయిన వృత్తాంతం చెప్పారు. తిరిగి వచ్చాక యూనివర్సిటీ మైదానంలో ఉదయం నడకకు వచ్చే మిత్రులకు దాన్ని చెబితే, మొదట "గవర్నరుకు ఎన్నిక ఏంది స్వామీ, రాష్ట్రపతి గదా వేసేది" అన్నారు. మన రాజ్యాంగంలోని 155వ అధికరణం ప్రకారం మన దగ్గర అంతే గానీ, అక్కడి 50 రాష్ట్రాలలోనూ గవర్నర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారని, చేసే పనిని బట్టి చూస్తే ఆయన మన ముఖ్యమంత్రి వంటివాడని చెప్పి ఒప్పించాను. అసలు లెక్క విన్న తరువాత మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఆ లెక్క ఇది. 2019 నవంబరు 5న జరిగిన ఎన్నికలో పదవిలో ఉన్న గవర్నర్ మాట్ బెవిన్‌కు 7,04,754 ఓట్లు, ఆయనను ఎదుర్కొన్న ఆండీ బెషీర్‌కు 7,09,890 ఓట్లు వచ్చాయి. తేడా 5,136. బెవిన్ రిపబ్లికన్ పార్టీ వారు, బెషీర్ డెమొక్రాటిక్ పార్టీ వారు. అదే రోజున, అదే బ్యాలెట్ మీద, రాష్ట్రమంతటికీ కలిపి ఎన్నుకునే పదవులు మరో ఐదు ఉన్నాయి: అటార్నీ జనరల్, రాష్ట్ర కార్యదర్శి, ఆడిటర్, కోశాధికారి, వ్యవసాయ కమిషనర్. ఆ ఐదింటినీ రిపబ్లికన్లే గెలిచారు. అటార్నీ జనరల్ అభ్యర్థికి 57 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. అంతకు మూడేళ్ల ముందు, 2016లో, అధ్యక్ష ఎన్నికలో ట్రంప్ ఆ రాష్ట్రాన్ని దాదాపు 30 శాతం తేడాతో గెలిచారు. పోలింగ్‌కు ముందు రోజు రాత్రి ఆయన స్వయంగా లెక్సింగ్టన్‌లో సభ పెట్టి బెవిన్‌ను గెలిపించమని కోరారు. అయినా గవర్నర్ ఓడిపోయారు.

ఆ సంఖ్య ఎంత చిన్నదో మనవారికి అర్థం కావడానికి ఒక పోలిక చెబుతాను. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఉమ్మడి చిత్తూరు జిల్లా జనాభా సుమారు 41 లక్షల 74 వేలు. అక్కడి 2010 లెక్కల ప్రకారం కెంటకీ జనాభా సుమారు 43 లక్షల 39 వేలు. అంటే కుప్పం నుంచి సత్యవేడు దాకా, తంబళ్లపల్లె నుంచి నగరి దాకా ఉన్న జనమంతా కలిసి ఒకే ఒక మనిషిని ఎన్నుకుంటే, అతడు 5,136 ఓట్లతో గెలిచాడన్నమాట. మన దగ్గర ఎమ్మెల్యేల మెజారిటీలే చాలాసార్లు అంతకన్నా ఎక్కువ ఉంటాయి.

నా సందేహం ఏమిటంటే, మన దగ్గర అధికారంలో ఉన్నవారి మీద కోపం వస్తే మనం మొత్తం ఊడ్చివేస్తాం. 2019లో ఉమ్మడి జిల్లాలోని 14 స్థానాలలో 13 ఒక పార్టీకి వెళ్లాయి, 2024లో 12 స్థానాలు ఎదుటి కూటమికి వెళ్లాయి. అక్కడి ఓటరు మాత్రం ఒకే కాగితం మీద ఐదు గడులు ఒక పార్టీకి నింపి, ఆ పార్టీ పెద్దను ఆరో గడిలో ఓడించాడు. ఇది ఓటరు తెలివా, పద్ధతిలోని వెసులుబాటా, లేక ఆ మనిషి తప్పా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గ్రీమ్స్‌పేట నుంచి లూయివిల్

మాస్టారు గారికి నమస్కారం. మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. లూయివిల్‌లో స్థిరపడి చాలా కాలమైంది. ఆ ఎన్నిక నాటికి నాకు ఓటు లేదు గానీ, మా ఆవిడ ఒక ప్రభుత్వ బడిలో సహాయకురాలిగా పనిచేస్తుండేది కనుక ఆ తగాదా అంతా మా ఇంటి భోజనాల బల్ల మీదే నడిచింది. మీ మూడు ప్రత్యామ్నాయాలలో నేను మూడోదానికే ఓటు వేస్తాను, కొంత వివరణతో.

తగాదాకు మూలం ఉపాధ్యాయుల పింఛను. కెంటకీలోని ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు కేంద్ర ప్రభుత్వపు సోషల్ సెక్యూరిటీ పథకంలో ఉండరు. మిగతా ఉద్యోగులకు వృద్ధాప్యంలో వచ్చే ఆ సొమ్ము వారికి రాదు. రాష్ట్రం ఇచ్చే పింఛనే వారికి ఉన్న ఏకైక ఆధారం. ఆ పింఛను నిధి ఏళ్ల తరబడి చాలినంత జమ లేక, దేశంలోనే అతి బలహీనమైన నిధులలో ఒకటిగా మారింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ లోటును బెవిన్ సృష్టించలేదు. పైగా ఆయన తన బడ్జెట్లలో ఆ నిధికి పూర్తి వాటా కేటాయించారు. వ్యాధిని సరిగానే గుర్తించిన వైద్యుడు రోగిని తిట్టి పోగొట్టుకున్నట్లయింది ఆయన పని.

2018 మార్చి 29న ఏం జరిగిందో చెబితే మీకు విషయం తెలుస్తుంది. మురుగునీటి సేవలకు సంబంధించిన 11 పేజీల బిల్లు ఒకటి అప్పటికే శాసనసభ ముందు ఉంది. ఆ రోజు దానిలోని విషయమంతా తీసివేసి, 291 పేజీల పింఛను సంస్కరణను అందులో పెట్టి, కొన్ని గంటలలో ఉభయ సభలలోనూ ఆమోదించేశారు. అంతవరకూ ఆ పాఠాన్ని బయటివారెవరూ చూడలేదు. మరునాడు ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో అనారోగ్య సెలవు పెట్టారు; మా లూయివిల్‌తో సహా అనేక కౌంటీలలో (ఇవి మన జిల్లాల వంటివి) బడులు తెరవలేదు. తరువాతి రోజులలో వేలమంది రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌కు చేరుకుని, మురుగు కాలువలకు సంబంధించిన నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. మా ఆవిడ కూడా వెళ్లింది. ఆ రోజు పిల్లలిద్దరినీ నేను ఆఫీసుకు తీసుకువెళ్లి ఒక మూల కూర్చోబెట్టాను.

ఈ దశలో ఏ రాజకీయవేత్త అయినా మాట తగ్గించి మాట్లాడతాడు. బెవిన్ అలా చేయలేదు. ఉపాధ్యాయులను స్వార్థపరులన్నారు, ముందుచూపు లేనివారన్నారు. ఏప్రిల్‌లో మరోసారి బడులు మూతపడినప్పుడు, ఆ రోజు ఇళ్లలో ఒంటరిగా ఉన్న పిల్లల మీద ఎక్కడో ఒకచోట అత్యాచారం జరిగే ఉంటుందన్న అర్థంలో మాట్లాడారు. తరువాత క్షమాపణ చెప్పారు గానీ, గోరుచుట్టు మీద రోకటిపోటు లాంటి ఆ మాటను ఎవరూ మరచిపోలేదు. కెంటకీలో 120 కౌంటీలు ఉన్నాయి. వాటిలో చాలావాటిలో అందరికన్నా పెద్ద యజమాని బడుల వ్యవస్థే. రిపబ్లికన్ పార్టీకి తరతరాలుగా ఓటు వేసే పల్లెటూళ్లలో కూడా ప్రతి కుటుంబంలో ఒక టీచరమ్మో, బడి బస్సు డ్రైవరో, వంటమనిషో ఉంటారు. వారికి పార్టీ మీద కోపం లేదు. ఆ నోటి మీద కోపం.

ఇక ఆ చట్టం ఏమైందంటారా? దాని మీద కోర్టుకు వెళ్లినవాడు అప్పటి అటార్నీ జనరల్ ఆండీ బెషీర్. ప్రతి బిల్లునూ ఒక్కొక్క సభలో మూడు వేర్వేరు రోజులలో చదవాలని రాష్ట్ర రాజ్యాంగం చెబుతుంది; మురుగునీటి బిల్లుగా చదివిన రోజులు పింఛను బిల్లు ఖాతాలోకి రావని 2018 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చి చట్టాన్ని కొట్టివేసింది. ఆ బెషీరే మరుసటి ఏడు ఎన్నికలో ఎదురు నిలిచాడు. తనతో పాటు లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తరువాతి స్థానం) పదవికి బడిలో పనిచేసిన జాక్వెలిన్ కోల్‌మన్‌ను నిలబెట్టాడు. బెవిన్ వైపు చూస్తే, తన పదవీకాలంలో లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉన్న జెనీన్ హాంప్టన్‌ను పక్కన పెట్టి మరొకరిని ఎంచుకున్నారు. ఆమె కెంటకీలో రాష్ట్రవ్యాప్త పదవిని గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి. తన సిబ్బందిని తొలగించారని సొంత గవర్నర్ మీదే కోర్టుకు వెళ్లవలసి వచ్చింది.

వైద్యసాయం విషయం కూడా ఉంది. పేదలకిచ్చే మెడికెయిడ్‌ను ఆండీ తండ్రి స్టీవ్ బెషీర్ గవర్నర్‌గా ఉన్నప్పుడు విస్తరించారు. పని చేస్తేనే ఆ సాయమనే షరతు పెట్టాలని బెవిన్ పట్టుబట్టారు. అయితే మా వీధిలో నేను విన్నంతవరకు పింఛను మాటే ముందు వచ్చేది.

కోర్టు వీధి నల్లకోటు, చిత్తూరు

పై మిత్రుడు చెప్పినదంతా బాగుంది గానీ, మనిషి నోటిని ఒక్కదాన్నే దోషిని చేస్తే మాస్టారి ప్రశ్నలోని రెండో భాగానికి అన్యాయం జరుగుతుంది. నోరు జారిన ముఖ్యమంత్రులు మనకు మాత్రం లేరా? అయినా మనం వారిని ఒక్కరినే తీసివేయలేం. మాస్టారు అన్న ఆరో గడి మన బ్యాలెట్ మీద లేనే లేదు. ముఖ్యమంత్రి మీది కోపం తీర్చుకోవాలంటే మన ఎమ్మెల్యేను ఓడించాలి. ఆ ఎమ్మెల్యే మంచివాడైనా సరే. దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. 2021లో మమతా బెనర్జీ నందిగ్రామ్‌లో స్వయంగా ఓడిపోయారు, ఆమె పార్టీ గెలిచింది కనుక ముఖ్యమంత్రిగా కొనసాగి భవానీపూర్ ఉప ఎన్నికలో గెలిచారు. కెంటకీ ఓటరు పార్టీని ఉంచి పెద్దను తీసివేయగలిగాడు, బెంగాల్ ఓటరు ఒక నియోజకవర్గంలో పెద్దను ఓడించినా తీసివేయలేకపోయాడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అటార్నీ జనరల్ సంగతి. మన అడ్వకేట్ జనరల్‌ను 165వ అధికరణం కింద గవర్నర్ నియమిస్తారు, అంటే ఆచరణలో మంత్రివర్గమే నియమిస్తుంది. ప్రభుత్వం మారితే ఆయన రాజీనామా కూడా అదే వారంలో వస్తుంది. ప్రభుత్వం తెచ్చిన చట్టం చెల్లదని ఆ ప్రభుత్వపు అడ్వకేట్ జనరలే కోర్టుకు వెళ్లడాన్ని మా బార్ అసోసియేషన్ గదిలో ఎవరైనా ఊహించగలరా? కెంటకీలో అటార్నీ జనరల్ విడిగా ఓట్లు అడిగి గెలిచినవాడు, గవర్నరుకు జవాబుదారీ కాదు. బెషీర్ 2015లో ఆ పదవిని రెండు వేల చిల్లర ఓట్ల తేడాతో మాత్రమే గెలిచాడు. ఆ రెండు వేల మంది ఆ రోజు ఇంట్లో పడుకుని ఉంటే, 2018లో ఆ చట్టాన్ని ప్రశ్నించే కుర్చీలో వేరే మనిషి ఉండేవాడు, 2019లో బెవిన్‌కు ఎదురు నిలిచే మనిషి కూడా బహుశా వేరే అయ్యేవాడు.

ఇంకొక న్యాయపరమైన అంశం ఉంది, దీన్ని చర్చలలో ఎవరూ పట్టించుకోరు. చాలా అమెరికా రాష్ట్రాలలో గవర్నర్ వీటోను తోసివేయాలంటే మూడింట రెండు వంతుల మంది సభ్యులు కావాలి. కెంటకీలో మాత్రం ప్రతి సభలోనూ మొత్తం సభ్యులలో సగానికి ఒకరు ఎక్కువ ఉంటే చాలు: 100 మంది సభలో 51, 38 మంది సెనేట్‌లో 20. ఉభయ సభలలోనూ రిపబ్లికన్లకు భారీ ఆధిక్యం ఉంది. కాబట్టి డెమొక్రాట్ గవర్నర్‌గా వచ్చినా చట్టాలు చేసే అధికారం తమ పార్టీ చేతిలోనే ఉంటుందని తెలిసిన ఓటరుకు, గవర్నర్‌ను మార్చడం పెద్ద సాహసం కాదు. మాస్టారు గారు దీన్ని ఓటరు తెలివి అంటారో, పద్ధతిలోని వెసులుబాటు అంటారో గానీ, నా దృష్టిలో రెండోది లేకుండా మొదటిది పనిచేయదు. అలాగని గవర్నర్ ఉత్త విగ్రహం కూడా కాదు. బెషీర్ పదవిలోకి వచ్చిన మొదటి వారంలోనే రాష్ట్ర విద్యా మండలిని మార్చారు, శిక్షలు పూర్తి చేసుకున్న లక్షా నలభై వేల మందికి పైగా అహింసా నేరస్థులకు ఓటు హక్కు తిరిగి ఇచ్చారు, ఆ మెడికెయిడ్ షరతును కూడా ఉపసంహరించారు. ఇవన్నీ సంతకంతో జరిగే పనులు.

కొర్లగుంట రెండో ఈవీఎం

మాస్టారు గారూ, క్షమించాలి, మీరు తిరుపతిలోనే ఉండి ఈ ప్రశ్న అడగడం నాకు ఆశ్చర్యంగా ఉంది. 2024 మే 13న మనం పోలింగ్ కేంద్రంలో రెండు యంత్రాల మీద రెండు మీటలు నొక్కాం. తిరుపతి లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ స్థానాలు ఉన్నాయి: తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి, సర్వేపల్లి. ఆ ఏడింటినీ కూటమి గెలిచింది. ఎంపీగా మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మద్దిల గురుమూర్తి 14,569 ఓట్లతో గెలిచారు. రాష్ట్రమంతటా ఆ పార్టీకి 151 నుంచి 11కు అసెంబ్లీ స్థానాలు పడిపోయిన రోజున ఇది జరిగింది. ఒకే గదిలో, ఒకే నిమిషంలో, ఒకే వేలితో.

కూటమి తరఫున లోక్‌సభకు నిలబడిన బీజేపీ అభ్యర్థి 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్ మీదే ఇక్కడ ఎంపీగా, 2019లో గూడూరు ఎమ్మెల్యేగా గెలిచి, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు పార్టీ మారారు. సైకిల్‌కో గ్లాసుకో ఒక మీట నొక్కినవారు రెండో యంత్రంలో కమలం దగ్గర ఆగిపోయారు. కాబట్టి "మనం ఊడ్చివేస్తాం" అనే మాట పూర్తిగా నిజం కాదు. వేరే యంత్రం ఇస్తే మన వేలు కూడా ఆలోచిస్తుంది.

మదనపల్లె అనుమానం

నేను కొంచెం అడ్డుపడతాను. 5,136 ఓట్ల తేడాకు ఇంత పెద్ద కారణాలు వెతకడం నాకు నచ్చలేదు. అదే ఎన్నికలో మూడో అభ్యర్థి, లిబర్టేరియన్ పార్టీ తరఫున జాన్ హిక్స్‌కు 28,433 ఓట్లు, అంటే దాదాపు 2 శాతం వచ్చాయి. ఆ ఓట్లలో కొన్ని వేలు అటు జరిగినా బెవిన్ గెలిచేవారు, అప్పుడు మనం ఇక్కడ కూర్చుని "కఠినంగా మాట్లాడినా ప్రజలు ఆయనను నమ్మారు" అని చర్చించుకునేవాళ్లం. ఓటమికి కారణాలు చెప్పడం సులభం, ఎందుకంటే ఓటమి ముందే జరిగిపోయి ఉంటుంది. మొత్తం 120 కౌంటీలలో బెషీర్ గెలిచినవి 23 మాత్రమే. నగరాలు, వాటి శివార్లు, సిన్సినాటి నగరానికి ఆనుకుని ఉన్న ఉత్తర కౌంటీలు కొన్ని ఆయన వైపు మొగ్గాయి. మిగతా పటం మీద చాలావరకు పాత రంగే ఉంది.

రెండో విషయం. ఇదంతా బెవిన్ నోటి వల్లే అయితే, బెవిన్ లేని ఎన్నికలో కెంటకీ మళ్లీ రిపబ్లికన్ గవర్నర్‌ను తెచ్చుకోవాలి గదా? 2023లో ఏం జరిగింది? ఈసారి పదవిలో ఉన్నది బెషీర్, ఎదిరించింది 2019లో 57 శాతంతో గెలిచారని మాస్టారు చెప్పిన ఆ అటార్నీ జనరలే, డానియెల్ కామెరాన్. బెషీర్ సుమారు 5 శాతం తేడాతో గెలిచారు. మిగిలిన ఐదు పదవులూ మళ్లీ రిపబ్లికన్లకే. అంటే ఒకసారి పదవిలో ఉన్నవాడిని ఓడించిన ఓటు తీరే, రెండోసారి పదవిలో ఉన్నవాడిని కాపాడింది. దీనికి నోటి సిద్ధాంతం సరిపోదు. తండ్రి స్టీవ్ బెషీర్ 2007లో గెలిచినది కూడా పదవిలో ఉన్న రిపబ్లికన్ గవర్నర్ ఎర్నీ ఫ్లెచర్‌ను ఓడించే. అప్పుడు ఉద్యోగ నియామకాల కుంభకోణం, తేడా 17 శాతానికి పైగా. తండ్రీకొడుకులిద్దరూ ఆ కుర్చీలో కూర్చున్నవాడిని లేపి కూర్చున్నవారే. మన ప్రాంతంలో అయితే ఈ సంగతిని చెప్పకుండా ఏ విశ్లేషకుడూ మొదలుపెట్టడు, ఇక్కడ ఇంతసేపటికి నేను చెప్పవలసి వచ్చింది.

మరొక మాట: అక్కడ పార్టీ అధిష్ఠానం బీ ఫామ్ ఇవ్వదు, పదవిలో ఉన్న గవర్నర్ కూడా ముందు సొంత పార్టీ ఓటర్ల దగ్గర ప్రైమరీలో గెలవాలి. 2015లో బెవిన్ ఆ ప్రైమరీని 83 ఓట్లతో గెలిచారు. 2019 మే నెలలో, గవర్నర్‌గా ఉండి కూడా, ఆయనకు సొంత పార్టీలో వచ్చినది 52 శాతమే. నవంబరు ఫలితం మే నెలలోనే కనిపించింది, చూసే కన్ను ఉంటే. దీనికన్నా దారుణం కాన్సాస్‌లో 2018లో జరిగింది: అప్పటి గవర్నర్ జెఫ్ కాల్యర్ ప్రైమరీలోనే 343 ఓట్లతో ఓడిపోయారు, ఆయనను ఓడించిన క్రిస్ కోబాక్ అసలు ఎన్నికలో డెమొక్రాట్ లారా కెల్లీ చేతిలో ఓడిపోయారు.

గ్రీమ్స్‌పేట నుంచి లూయివిల్

మదనపల్లె మిత్రుడి 2023 వాదానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదని ఒప్పుకుంటాను. అయితే ఆ మధ్యకాలంలో రెండు సంఘటనలు జరిగాయి. 2021 డిసెంబరులో మేఫీల్డ్ పట్టణాన్ని తుడిచిపెట్టిన సుడిగాలి, 2022 జులైలో తూర్పు కొండ ప్రాంతంలో వచ్చిన వరదలు. కోవిడ్ కాలంలో ప్రతి సాయంత్రం టీవీలో కనిపించి మాట్లాడిన మనిషే ఈ విపత్తులలో కూడా ఊళ్లకు వెళ్లి నిలబడ్డాడు. తనకు ఓటు వేయని కౌంటీలు కూడా వాటిలో ఉన్నాయి. ఆయన విధానాలు నచ్చనివారు కూడా మనిషిని తప్పుపట్టలేదు. కనుక నా సిద్ధాంతాన్ని కొంచెం సవరించుకుంటాను: 2019లో ఓడినది నోరు, 2023లో గెలిచినది కూడా ఒక రకంగా నోరే.

మరొక దిద్దుబాటు. ఓటరు ప్రతి గడినీ విడిగా నింపక తప్పదని ఎవరైనా అనుకుంటే అది తప్పు. కెంటకీ బ్యాలెట్ మీద పైభాగంలో పార్టీ పేరు పక్కన ఒక్క గుర్తు పెడితే, ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడిపోయే వీలు ఉంది. చాలా రాష్ట్రాలు ఆ పద్ధతిని తీసివేశాయి, ఇక్కడ ఇంకా ఉంది. అంత సులువైన దారి ఎదురుగా ఉండగా, దాన్ని వదిలి కిందికి దిగి ఒక్కొక్క పేరూ చదివినవారు వేల సంఖ్యలో ఉన్నారు కాబట్టే ఆ ఫలితం వచ్చింది.

బైరాగిపట్టెడ లెక్కల మాస్టారు, తిరుపతి

అందరికీ కృతజ్ఞతలు. కొర్లగుంట మిత్రుడి ఎత్తిపొడుపును స్వీకరిస్తున్నాను. నేను కూడా ఆ రోజు రెండు మీటలు నొక్కినవాడినే, రెండూ ఒకే వైపు నొక్కానో లేదో మాత్రం చెప్పను. ఉపాధ్యాయుల పింఛను సంగతి విన్న తరువాత నాకు విషయం దగ్గరగా అనిపించింది. సీపీఎస్ (ఉద్యోగి జీతంలోంచి వాటా కోసే పింఛను పథకం) రద్దు హామీ, 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు మారువేషాలలో బస్సులెక్కి వెళ్లిన సహోద్యోగులు, అన్నీ గుర్తుకు వచ్చాయి. అక్కడివారికి గవర్నర్ గడి విడిగా ఉంది, మావారికి లేదు. అందువల్ల మావారి కోపం ఎమ్మెల్యేల మీద పడింది. ఈ వివరణ నా లెక్కకు సరిపోతున్నది.

ఇంకొక సందేహం మిగిలింది. 5,136 తేడాతో ఓడిన మనిషి అధికారంలో ఉండగా ఒప్పుకున్నాడా? ఓట్ల లెక్కింపు యంత్రాంగం ఆయన చేతి కిందిదే కదా?

కోర్టు వీధి నల్లకోటు, చిత్తూరు

ఎన్నికల నిర్వహణ గవర్నర్ కింద లేదు, మాస్టారూ. దాన్ని చూసేది రాష్ట్ర కార్యదర్శి, ఆ పదవి కూడా విడిగా ఎన్నికయ్యేదే. అప్పట్లో ఆ స్థానంలో ఉన్నది డెమొక్రాట్ అలిసన్ లండర్గన్ గ్రైమ్స్. బెవిన్ వెంటనే ఒప్పుకోలేదు. అక్రమాలు జరిగాయని అన్నారు గానీ ఆధారాలు చూపలేదు. ప్రతి కౌంటీలో యంత్రాల మొత్తాలను మళ్లీ సరిచూడమని కోరారు. నవంబరు 14న ఆ సరిచూడడం ముగిసింది, ఫలితం మారలేదు, అదే రోజున ఆయన ఓటమిని అంగీకరించారు. డిసెంబరు 10న బెషీర్ ప్రమాణం చేశారు.

ఈ మధ్యలో కొంత భయం లేకపోలేదు. గవర్నర్ ఎన్నిక మీద వివాదం లేవనెత్తితే దాన్ని తేల్చేది కోర్టు కాదు, శాసనసభ అని కెంటకీ రాజ్యాంగంలోని 90వ సెక్షన్ చెబుతుంది. సెనేట్ అధ్యక్షుడు ఆ దారి గురించి ప్రస్తావించారు కూడా. ఆ దారిలో ఒకసారి నడిచిన అనుభవం ఆ రాష్ట్రానికి ఉంది. 1899 ఎన్నిక వివాదం నడుస్తుండగా, 1900 జనవరి 30న విలియం గోబెల్‌ను శాసనసభ భవనం ముందు కాల్చారు. గాయపడి పడి ఉన్న ఆయననే గెలిచినట్లు ప్రకటించి ప్రమాణం చేయించారు. ఫిబ్రవరి 3న మరణించారు. పదవిలో ఉండగా హత్యకు గురైన అమెరికా గవర్నర్ ఆయన ఒక్కరే. 2019లో బెవిన్ సొంత పార్టీ శాసనసభ్యులే చాలామంది ఆధారాలు చూపండి, లేదా ఒప్పుకోండి అన్నారు. ఆయన దిగిపోయే ముందు వందల సంఖ్యలో ఖైదీలకు క్షమాభిక్షలు ప్రకటించారు, వాటిలో కొన్నింటి మీద పెద్ద గొడవ జరిగింది. ఓటమికీ దిగిపోవడానికీ మధ్య ఐదు వారాల పాటు పూర్తి అధికారం చేతిలో ఉండడం ఆ పద్ధతిలోని లోపమని నా అభిప్రాయం.

మదనపల్లె అనుమానం

మాస్టారు గారూ, ఇన్ని సిద్ధాంతాల కన్నా ఒక్క సాక్షి మేలు. మీ అమ్మాయి పొరుగింటి పెద్దమనిషి 2015లో ఎవరికి వేశారో, 2019లో ఎవరికి వేశారో అడిగించగలరా?

బైరాగిపట్టెడ లెక్కల మాస్టారు, తిరుపతి

అడిగించాను. ఆయన ఓటరు నమోదులో రిపబ్లికన్. 2015లో బెవిన్‌కే వేశారట. 2019లో పై గుర్తు వదిలేసి, గవర్నర్ గడి ఒక్కటి బెషీర్‌కు నింపి, మిగతా ఐదూ అలవాటు ప్రకారమే నింపారట. ఆ మురుగునీటి బిల్లు నాడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పట్టుకున్న అట్టను ఇప్పటికీ గ్యారేజీలో ఉంచుకున్నారని మా అమ్మాయి చెప్పింది. 2023 సంగతి అడిగితే మాత్రం, రహస్య ఓటు అని చెప్పి గడ్డి కోసుకోవడానికి వెళ్లిపోయారట.